మంట ఆరాక మిగిలేది

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో 1984–85 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఇంజనీరు, చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నా క్లాస్‌మేటే. ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి గదా, పనికొచ్చే మాటేదన్నా చెప్పు. అందరిలెక్క పాత ముచ్చట్లు చెప్పకు" అన్నాడు. కానీ నేను చెప్పదలచుకున్న పనికొచ్చే మాట ఒక పాత ముచ్చటతోనే మొదలవుతుంది. అందుకని అతను ఒక్కదానికి నన్ను మన్నించాలి.

మేం చదివేటప్పుడు బోర్డుకు నలుపు తగ్గితే రంగు డబ్బా కొనేవాళ్లం కాదు. శనివారం మధ్యాహ్నం బొగ్గు నూరి, దొండాకు రసం కలిపి, బోర్డంతా రుద్దేవాళ్లం. వారానికొక బెంచీ వంతు. మా బెంచీ వంతు వచ్చినప్పుడు బొగ్గు నేను తెచ్చేవాణ్ణి, దొండాకు నా పక్కన కూర్చునే నేస్తం తెచ్చేవాడు. బొగ్గుతో నాకున్న మొదటి సంబంధం అది. ఆ నేస్తం గురించి కాసేపట్లో మళ్లీ చెబుతాను.

తొమ్మిదో తరగతిలో సైన్స్ సార్ ఒక ప్రయోగం చేశారు. ఒక పరీక్షనాళికలో ఎండు కట్టెముక్కలు వేసి, సన్న గొట్టం ఉన్న బిరడా బిగించి, కింద స్పిరిట్ దీపం పెట్టారు. కాసేపటికి గొట్టం చివర తెల్లటి పొగ వచ్చింది. సార్ అగ్గిపుల్ల చూపించగానే పొగ మంటై వెలిగింది. క్లాసంతా చప్పట్లు కొట్టాం. దీపం ఆర్పాక సార్ అడిగారు: "అందరూ మంటను చూసిన్రు. నాళికలో ఏం మిగిలిందో ఎవరు చూసిన్రు?" ఎవరం చూడలేదు. సార్ నాళికను బోర్లించారు. కట్టె ఆకారం చెడకుండా నల్లటి బొగ్గు ముక్కలు రాలాయి. "దీన్ని ఏం చెయ్యొచ్చో రాసుకొని రండి" అన్నారు. మర్నాడు నేను మూడు రాశాను: ఇస్త్రీ పెట్టెలో వేయొచ్చు, పళ్లు తోముకోవచ్చు, బోర్డుకు రుద్దొచ్చు. సార్ ఎర్ర పెన్నుతో "ఇంకా?" అని రాసి పుస్తకం తిరిగి ఇచ్చారు.

సార్ ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆ "ఇంకా?"కు నలభై ఏళ్లు ఆలస్యంగా ఇవాళ జవాబు చెప్పుకుంటున్నాను.

మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాక నాకు దొరికిన పని, సార్ నాళికను ఇంటంత పెద్దగా కట్టడం. దాన్నే గ్యాసిఫయర్ అంటారు. పొయ్యిలో కట్టె పూర్తిగా మండాలంటే కావలసినంత గాలి అందాలి. గ్యాసిఫయర్‌లో మేం ఆ గాలిని కావాలనే తగ్గిస్తాం. పూర్తిగా మండటానికి కావలసిన గాలిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే ఇస్తాం. అప్పుడు కట్టె గానీ ఊక గానీ పూర్తిగా కాలిపోకుండా గ్యాస్‌గా మారుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, కొంచెం మీథేన్ ఉంటాయి. దాదాపు సగం గాలిలోంచి వచ్చిన నైట్రోజనే. ఆ గ్యాస్‌ను చల్లార్చి, కడిగి, ఇంజన్‌కు ఇస్తే కరెంటు వస్తుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకనప్పుడు యూరప్‌లో కార్లు, లారీలు ఇలాంటి కట్టె గ్యాస్‌తోనే నడిచాయి. మన దేశంలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 1980ల నుంచి దీని మీద పని చేసింది. బీహార్‌లో 2007 నుంచి కొన్ని పల్లెలకు ఊకతో నడిచే చిన్న కేంద్రాల కరెంటు అందింది.

మన నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద వరి పండుతుంది. మిర్యాలగూడ చుట్టూ ఎన్ని రైస్ మిల్లులున్నాయో మీకు చెప్పక్కర్లేదు. వంద కిలోల వడ్లు ఆడిస్తే ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. అందుకే 2006లో నేను మన వైపు ఒక మిల్లులో వంద కిలోవాట్ల ఊక గ్యాసిఫయర్ బిగించే పనికి వచ్చాను. సొంత జిల్లాలో పని, ఛాతీ ఉప్పొంగిన మాట నిజం. గ్యాస్ ఎంత వస్తోంది, ఇంజన్ ఎన్ని గంటలు ఆగకుండా నడుస్తోంది, యూనిట్‌కు ఎన్ని కిలోల ఊక పడుతోంది, రాత్రింబగళ్లు అదే లెక్క. అంటే తొమ్మిదో తరగతిలో లాగే మళ్లీ మంటనే చూస్తున్నాను. కింద రాలేదాన్ని చూడలేదు.

కింద రాలేది తక్కువేం కాదు. వంద కిలోల ఊక వేస్తే ఇరవై అయిదు, ముప్పై కిలోల నల్లటి పదార్థం మిగులుతుంది. ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి పూర్తిగా కాల్చినా పద్దెనిమిది, ఇరవై కిలోల బూడిద మిగలాల్సిందే. ఆ పైన ఉన్నది కాలకుండా ఉండిపోయిన కార్బన్. యూనిట్‌కు కిలోన్నర నుంచి రెండు కిలోల ఊక పడుతుందనుకుంటే, వంద కిలోవాట్ల యంత్రం నిండు లోడు మీద రోజుకు ఇరవై గంటలు నడిస్తే దాదాపు టన్ను నల్ల ఊక బయటికి వస్తుంది. అది మిల్లు వెనక గుట్టగా పెరిగింది. గాలి లేస్తే ఎగిరి పక్క వాడలో ఆరేసిన బట్టల మీద పడేది. వాన పడితే కాలువలోకి కొట్టుకుపోయేది. ఆడవాళ్లు వచ్చి మిల్లు గేటు ముందు నిలబడి తిట్టారు. వాళ్ల తిట్లలో న్యాయం ఉంది.

అప్పుడే ఒక వ్యాసంలో బ్రెజిల్‌లోని అమెజాన్ అడవుల నల్లమన్ను గురించి చదివాను. అక్కడి నేలలు మామూలుగా చాలా పేదవి, వానలకు సారం కొట్టుకుపోయినవి. కానీ నది ఒడ్డున పాత ఊళ్లున్న చోట్ల మాత్రం నేల నల్లగా, సారవంతంగా ఉంటుంది. పోర్చుగీసులో దాన్ని టెర్రా ప్రెటా అంటారు, నల్లమన్ను అని అర్థం. అందులో బొగ్గు, కుండ పెంకులు, ఎముకలు కలిసి ఉంటాయి. యూరప్ వాళ్లు అక్కడికి రాకముందు వందల ఏళ్ల పాటు అక్కడి ప్రజలు నివసించిన చోట తయారైన నేల అది. ఆ బొగ్గు ఇప్పటికీ మన్నులో నిలిచే ఉంది. ఇలా నేలలో కలపడానికి తయారుచేసే బొగ్గును ఇప్పుడు బయోచార్ అంటున్నారు.

చదవగానే నాకు రెక్కలొచ్చాయి. మిల్లు వెనక గుట్ట ఉంది. మా నేస్తానికి, దొండాకు తెచ్చిన నేస్తానికి, కాలువ నీళ్లు ఎక్కని చోట మూడెకరాల ఎర్ర చెల్క ఉంది. నీళ్లు నిలవని దుబ్బ నేల. నాలుగు రోజులు వాన ముఖం చాటేస్తే చేను తలలు వాల్చేది. రెండు ట్రాలీల నల్ల ఊక తోలించి, "ఎయ్యి, చూడు, నీ చెల్క రేగడి అయితది" అన్నాను. మిరప నారుమడిలో వేశాడు. నా మాట మీద అంతా వేశాడు. ఒక మూల కూడా వదలలేదు.

గింజ సగం మొలవలేదు. మొలిచింది పసుపెక్కి ఎండిపోయింది. అదను దాటిపోయింది. ఆ ఏడు అతను బయట నారు కొని పెట్టాడు, అప్పు చేసి.

నేను వెళ్తే తిట్టలేదు. తిడితే బాగుండేది. నారుమడి గట్టు మీద కూర్చుని ఒక్క మాట అన్నాడు: "నీ గ్యాస్ సంగతి నీకెరుక. నా చెల్క సంగతి నన్నొక మాట అడగొద్దా?"

ఆ నారు డబ్బు నేను ఇవ్వబోతే తీసుకోలేదు. తర్వాత ఏడాదిన్నర మా మధ్య సరిగా మాటల్లేవు. నా ఉద్యోగ జీవితంలో యంత్రాలు చెడిపోయాయి, ఇంజన్లు ఆగిపోయాయి. అవన్నీ రిపేరు చేయగలిగినవే. ఇది అలాంటిది కాదు.

ఏం తప్పు జరిగిందో తెలుసుకోవడానికి నేను మళ్లీ విద్యార్థిని కావాల్సి వచ్చింది. మూడు తప్పులు తేలాయి.

మొదటి తప్పు మా యంత్రంలోనే ఉంది. మా గ్యాసిఫయర్ కింద మిగిలే నల్ల ఊకను నీళ్లతో గుంటలోకి తోసేవాళ్లం. గ్యాస్‌ను కడిగిన నీళ్లు కూడా అదే గుంటలోకి వచ్చేవి. ఆ నీళ్లలో తారు ఉంటుంది, ఫినాల్ లాంటి విషాలుంటాయి. బొగ్గుకున్న గొప్ప గుణం పీల్చుకోవడం. మంచిని పీల్చుకున్నట్టే చెడునూ పీల్చుకుంటుంది. నేను నేస్తం పొలానికి తోలించింది బయోచార్ కాదు, తారు తాగిన బొగ్గు.

రెండో తప్పు, ఉత్త బొగ్గును నేరుగా నారుమడిలో వేయించడం. బొగ్గు ఎరువు కాదు. అది ఖాళీ గరిసె లాంటిది. దానిలో కంటికి కనిపించనన్ని సన్న రంధ్రాలుంటాయి. నీటినీ పోషకాలనూ అవి పట్టి ఉంచుతాయి. కానీ ఖాళీగా వేస్తే ముందు నేలలో ఉన్న నత్రజనిని తనవైపు లాక్కుంటుంది, మొక్కకు మిగలదు. గరిసెను నింపి ఇవ్వాలి.

మూడో తప్పు, నేలను అడగకపోవడం. బొగ్గు, ముఖ్యంగా బూడిద కలిసింది, క్షార గుణం కలది. పులుపు వైపు ఉండే నేలలకు, ఇసుకపాలు ఎక్కువున్న చెల్కలకు అది మేలు చేసే అవకాశం ఎక్కువ. చౌడు నేలకు వేస్తే రోగిష్టికి ఇంకో రోగం అంటించినట్టే. మంచి నల్లరేగడికి దానితో పెద్దగా పనిలేదు. నీళ్లు పట్టి ఉంచడం దానికి పుట్టుకతోనే వచ్చు.

మళ్లీ మా నేస్తం ఇంటికి వెళ్లింది ఈ మూడు తెలిశాకే. వాళ్లమ్మ మంచం మీద కూర్చుని అంతా విన్నది. "పొయ్యిల బూడిద గూడ ఊరికె చేన్ల వోస్తమా బిడ్డా? పెంటకుప్పల ఏస్తం. వానకు నానుతది, పెంటతోని కలుస్తది, అప్పుడు తోల్తం. నీ బొగ్గు గంతేనాయె" అన్నది. నేను ఆరు నెలలు చదివి తెలుసుకున్నది ఆమె పొయ్యి ముందు కూర్చుని ఎప్పుడో తెలుసుకున్నది.

ఈసారి మిల్లులో నల్ల ఊకను పొడిగా, గ్యాస్ కడిగిన నీళ్లు తగలకుండా, వేరే దారిన బయటికి తీసే ఏర్పాటు చేశాం. మంచి నీళ్లు చల్లి ఆర్పాం. దాన్ని ముందు వాళ్ల ఎడ్ల కొట్టంలో పరిచాం. మూత్రం పీల్చుకుంది, కొట్టంలో వాసన కూడా తగ్గింది. తర్వాత పెంటకుప్పలో పొరలు పొరలుగా వేసి రెండు నెలలు మాగనిచ్చాం. పొలంలో వేసేటప్పుడు మా నేస్తం ఒక షరతు పెట్టాడు: "సగం చేన్లనే. ఇంకో సగంల ఉత్త పెంట." ఏ వ్యవసాయ శాస్త్రవేత్త అయినా మొదట అడిగే షరతు అదే.

మొదటి ఏడు తేడా ఏమీ కనబడలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. రెండో ఏడు శ్రావణంలో వాన వెనక్కి పోయింది. బొగ్గు వేయని సగం వాడిన రెండు రోజుల తర్వాత గానీ వేసిన సగం వాడలేదు. రెండు రోజులేనా అని పట్నం వాళ్లు అడుగుతారు. చెల్కలో వ్యవసాయం చేసినవాడు అడగడు. మూడో రోజు వాన పడితే ఆ రెండు రోజులే పంట. నల్లరేగడి ఉన్న మా బంధువు ఒకాయన కూడా వేసి చూశాడు. ఆయనకు లాభమూ లేదు, నష్టమూ లేదు, ట్రాలీ కిరాయి మాత్రం దండగ.

ఇక్కడ కొన్ని లెక్కలు చెప్పాలి, ఎందుకంటే ఆశ పెట్టడం తేలిక. ప్రయోగాల్లో తరచుగా వాడే మోతాదు హెక్టారుకు పది టన్నులు. అంటే చదరపు మీటరుకు కిలో, ఎకరానికి నాలుగు టన్నులు. నల్ల ఊక తేలిక; ట్రాలీ నిండుగా కనిపించినా పొడిగా ఉన్నప్పుడు అర టన్ను కూడా తూగకపోవచ్చు. అంటే ఎకరానికి ఎనిమిది ట్రాలీలకు పైనే. ఊరు దాటించి తోలితే డీజిల్ ఖర్చుకే సరి. అందుకని చేనంతా చల్లడం కంటే కూరగాయల గుంతల్లో, బత్తాయి మొక్కలు నాటే గుంతల్లో, మాగిన పెంటతో కలిపి వేయడం చిన్న రైతుకు మేలు. ఒకసారి వేసింది ఏటేటా వేయక్కర్లేదు. పెంట కుళ్లి కొన్నేళ్లలో పోతుంది, బొగ్గులోని కార్బన్ చాలావరకు దశాబ్దాలు, ఇంకా ఎక్కువ కాలం కూడా నిలుస్తుంది. ఒక టన్ను కార్బన్ నేలలో నిలిస్తే మూడున్నర టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోకుండా ఆగినట్టు. కానీ రైతు వేయాల్సింది తన చేను కోసం. గాలికి మేలు దాని వెంట వస్తుంది.

మిల్లు దగ్గర లేని ఊళ్లవాళ్లు అడగొచ్చు, మాకేం దారి అని. పత్తి ఏరాక కట్టెను చేనులోనే తగలబెట్టడం మనందరం చూస్తున్నాం. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, మనం క్రీడా అని పిలిచేది, రెండొందల లీటర్ల పాత డ్రమ్ముకు రంధ్రాలు పెట్టి పత్తికట్టె, కందికట్టె లాంటివాటిని బొగ్గు చేసే పద్ధతి రూపొందించింది. వంద కిలోల ఎండు కట్టెకు పాతిక కిలోల అటూ ఇటూగా బొగ్గు వస్తుంది.

జాగ్రత్తలు కూడా చెప్పి ముగిస్తాను. బూడిద రంగులో ఉన్నది బూడిదే, కార్బన్ కాలిపోయినట్టు. నల్లగా ఉన్నదే బొగ్గు. పెద్ద బాయిలర్ల కరెంటు కేంద్రాల నుంచి వచ్చేది చాలావరకు మొదటి రకం. తారు వాసన వస్తే, చేతికి జిడ్డంటితే ముట్టుకోవద్దు. అప్పుడే తీసిన బొగ్గును సంచుల్లో కట్టొద్దు. ఆరినట్టే కనిపించి లోపల రాజుకుంటుంది. దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేయాలి. పశువుల మేతను బొగ్గు చేయొద్దు. బొగ్గు కోసం చెట్టు కొట్టొద్దు. మిగిలినదానితో చేసేదే ఈ పని.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. రెండు కుండీలు తీసుకోండి. ఒకదానిలో ఉత్త మన్ను, రెండోదానిలో బొగ్గు కలిపిన మన్ను. రెండింటిలోనూ ఇరవై ఇరవై పెసలు వేయండి. అయిదారు రోజులకు లెక్కపెట్టండి. బొగ్గు ఉన్న కుండీలో మొలకలు తగ్గితే ఆ బొగ్గు చేనుకు పోకూడదు. 2006లో నాకు ఈ కాస్త ఓపిక ఉంటే మా నేస్తం నారుమడి బతికేది.

ఇప్పుడు మన సంఘానికి నా విన్నపం. బడి వెనక ఆటస్థలం అవతల ఉత్త దుబ్బగా పడి ఉన్న జాగాను మీరందరూ ఎరుగుదురు. ప్రధానోపాధ్యాయులు అనుమతిస్తే అందులో నాలుగు మళ్లు చేద్దాం. ఒకదానిలో ఏమీ వేయొద్దు. ఒకదానిలో ఉత్త పెంట, ఒకదానిలో ఉత్త బొగ్గు, ఒకదానిలో పెంటతో మాగిన బొగ్గు. ముందు మన్ను పరీక్ష చేయిద్దాం. టమాట, వంగ వేద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలు ప్రతి వారం కొలిచి రాయాలి: ఎప్పుడు నీళ్లు పెట్టారు, ఎప్పుడు వాడింది, ఎన్ని కాయలు. మూడేళ్లకు తక్కువ కాకుండా. ఆ ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. మొదటి ఏడు తేడా రాకపోతే రాలేదనే రాయండి. అది తప్పు జవాబు కాదు.

కూరగాయల వంగడాలు, మళ్ల కొలతలు నాకు తెలియవు. అవి చూసుకునే మనిషి ఒప్పుకున్నాడు. ఆయన ఇదే సభలో, వెనక వరుసలో, నేను పేరు చెబుతానేమోనని తల వంచుకుని కూర్చున్నాడు. దొండాకు తెచ్చే వంతు అప్పుడూ ఆయనదే.

సార్, నాళికలో మిగిలిందాన్ని చెల్కలో కలపొచ్చు. కానీ ముందు దాన్ని కడిగిన నీళ్లేవో చూడాలి, పెంటలో మాగనివ్వాలి, ఆ చేను దున్నేవాణ్ణి అడగాలి. నా జవాబు ఇదీ. ఎర్ర పెన్ను మీ చేతిలోనే ఉంది.